మనుషుల్లేని ఊరికి బిషప్పుగారు

మా బిషప్పు సెవెరీనో గారికి ఉన్న జబ్బు ఒక్కటే: కంగారు. పిల్లల గురించో, ఒంటి గురించో, రేపటి గురించో అయితే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఆయన కంగారంతా తన మేత్రాసనం గురించి. ఒక బిషప్పు కింద ఉండే చర్చిలనీ జనాన్నీ కలిపి మేత్రాసనం అంటారట. మా బిషప్పుగారి మేత్రాసనంలో జనం లేరు. కొన్ని వందల ఏళ్లుగా లేరు.

దాని పేరు కలిద్రా. టర్కీలో మా కుష్‌కయా ఊరి వెనక గుట్ట మీద ఉంటుంది. గ్రీకులు కట్టిన పట్నం. ఒకప్పుడు సముద్రం దాని గుమ్మం దాకా వచ్చేదిట. తర్వాత నది ఒండ్రు తెచ్చి పోసింది. సముద్రం వెనక్కి పోయింది, దోమలు ముందుకొచ్చాయి. ఒకసారి భూమి కంపించింది. జనం విసుగెత్తి మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. మధ్యలో కొన్నాళ్లు అక్కడొక కేథలిక్ చర్చీ, దానికో బిషప్పూ ఉండేవాళ్లు. ఊరు పోయినా రోమ్‌లో ఉన్న పుస్తకంలో పేరు మాత్రం పోలేదు. తనకంటూ మేత్రాసనం లేని బిషప్పుకి ఇలాంటి పాత పేరొకటి తగిలిస్తారు. ఇజ్మీర్ పట్నంలో ఉండే సెవెరీనో గారికి మా కలిద్రా తగిలింది.

"పేరు కొట్టెయ్యడం మర్చిపోయారు రెమ్జీ. నన్ను పెట్టడం మాత్రం గుర్తుంది వాళ్లకి" అనేవారాయన.

రెమ్జీ అంటే నేనే. ఆ రాళ్లకి ప్రభుత్వ మ్యూజియం పెట్టిన కాపలాదారుణ్ని. గుట్ట మీద సగం కూలిన నాటకశాల మెట్లున్నాయి, మూడు స్తంభాలున్నాయి, పాత చర్చి నేల మీద రంగురాళ్లు పేర్చి చేసిన చేపల బొమ్మలున్నాయి. ఇవిగాక ఒక అత్తిచెట్టు, రెండు కొంగల గూళ్లు, లెక్కలేనన్ని తాబేళ్లు. వేసవిలో యాత్రికులు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, చల్లటి నీళ్లు దొరకవని నన్ను తిట్టి వెళ్లిపోతారు.

మొదటి తొమ్మిదేళ్లు బిషప్పుగారు ఏడాదికొకసారి వచ్చేవారు. చేపల బొమ్మల పక్కన నిలబడి బల్లుల సమక్షంలో పూజ చేసేవారు. సగం పుచ్చకాయ తినేసి, నాటకశాల మెట్ల మీద టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని నిద్రపోయేవారు. లేచి వెళ్లిపోయేవారు. అప్పట్లో ఆయన దేనికీ కంగారుపడినట్టు నాకు గుర్తులేదు. డెబ్బై రెండో ఏట, ఒక ఫిబ్రవరి నెలలో, ఆ జబ్బు ఉన్నట్టుండి పట్టుకుంది. వయసు మీద పడిందనుకున్నాను.

ఆ చలికాలమే మా ఆవిడ గులిజార్ పోయింది. ఇరవై ఆరేళ్లు నాతో పోట్లాడిన మనిషి పోతే ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. మూడు వారాలు నేను గుట్ట ఎక్కలేదు. పొయ్యి వెలిగించలేదు. మ్యూజియం డైరెక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: విధులకి ఎందుకు రావడంలేదో తెలపాలి. తెలపలేదు. రెండోది వచ్చింది. దాన్ని విప్పనేలేదు. ఇక మూడోది వస్తే దాంతోపాటు కొత్త కాపలాదారు కూడా వస్తాడని ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రానీ అనుకున్నాను.

ఒకరోజు పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

"రెమ్జీ! మధ్య స్తంభం నిలబడే ఉందా?"

"ఎవరది?"

"నేనయ్యా, సెవెరీనోని. మధ్య స్తంభం. ఉందా, పడిందా?"

"ఉంటుంది ఎఫెందిమ్" అన్నాను, పెద్దమనుషుల్ని మేం పిలిచే పద్ధతిలో. "రెండు వేల ఏళ్లుగా ఉంది కదా."

"అదే నా భయం. ఎంతకాలమని నిలబడుతుందది? రాత్రి ఇక్కడ గాలి వీచింది. అక్కడా వీచి ఉంటుంది. వెళ్లి చూసి చెప్పు."

"వాన పడుతోంది."

"వానా! చెప్పవేం? పునాది నానిపోదూ? వెంటనే వెళ్లు. గొడుగు పట్టుకెళ్లు."

"నాకా, స్తంభానికా?"

"ముందు నీకు. నువ్వు జారిపడి దాన్ని గుద్దావంటే పోయేది స్తంభమే."

తిట్టుకుంటూ వెళ్లాను. స్తంభం నిలబడే ఉంది. దాని మీద ఒక కాకి కూడా ఉంది. దిగొచ్చి ఆ మాట చెప్పాను.

"ఎటు వాలింది?"

"ఎటూ వాల్లేదు."

"కంటితో చూస్తే ఏం తెలుస్తుంది? మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో ఎలా చూస్తారు? దారానికి గుండు కట్టి చూడరూ? రేపు అలా చూడు."

మర్నాడు ఏడింటికి ఫోన్. ఆ మర్నాడు ఏడింటికి. నా జీవితంలో ఏ గడియారమూ నన్ను అంత నమ్మకంగా లేపలేదు. ఫోన్ కట్టేసి పడుకుందామని ఒకసారి ప్రయత్నించాను. పావుగంటలో నాజిఫె అబ్లా తలుపు బాదింది. మా పక్కింటావిడ; అబ్లా అంటే అక్క. నాకంటే పన్నెండేళ్లు పెద్దది, ఆవిడ గొంతు ఇంకా పెద్దది.

"ఒరేయ్ రెమ్జీ! ఆ చర్చి ముసలాయన మా ఇంటికి ఫోన్ చేశాడురా. ఏదో స్తంభం అంటున్నాడు, ఏడుస్తున్నాడో ఏమో తెలీడంలేదు. నువ్వెళ్లి చూడకపోతే నన్ను వెళ్లమంటున్నాడు. ఈ మోకాళ్లతో నేను ఎక్కనా గుట్ట?"

లేచి వెళ్లాను.

ఆయన కంగారుకి హద్దు లేకుండా పోయింది. ఒకరోజు నా బూట్ల గురించి.

"అరిగిన బూట్లేసుకుని నా నాటకశాల మెట్లు ఎక్కుతున్నావా? జారితే రాయి పగలదూ?"

"రాయి సంగతి సరే, నా నడుం?"

"నడుం అతుక్కుంటుందయ్యా. పాలరాయి అతుక్కోదు. కొత్తవి కొనుక్కో."

ఇంకోరోజు నా పొట్ట గురించి.

"ఏం తిని ఎక్కావు?"

"ఏం తినలేదు. టీ తాగాను."

"అయ్యో దేవుడా! ఖాళీ కడుపుతో ఉన్నవాడికి కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగినవాడికి నిలువు స్తంభం కూడా వంకరగా కనిపిస్తుంది. నువ్వు ఇన్నాళ్లూ చెప్పిన కొలతలన్నీ తప్పేనన్నమాట! మళ్లీ మొదలెట్టు. రొట్టె, జున్ను, నాలుగు ఆలివ్ కాయలు తిని కొలువు."

మరోరోజు నా గెడ్డం గురించి. ఏ పరాయి దేశం ప్రొఫెసరో హఠాత్తుగా వచ్చి నన్ను చూస్తాడట. కలిద్రాలో అడవి మనుషులున్నారని పుస్తకంలో రాసేస్తాడట. ఆ పుస్తకం రోమ్‌లో ఎవరో చదువుతారట. తన పరువేం కావాలి? చివరికి గీసుకున్నాను. అద్దంలో కనిపించినవాణ్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

మేక విషయం మరీ దారుణం. నాజిఫె అబ్లా మేక ఒకటి రోజూ గోడ దూకి చేపల బొమ్మల మధ్య మొలిచిన గడ్డి పీకడం మొదలెట్టింది. అంతకుముందు పదకొండేళ్లలో ఆ మేక గుట్ట వైపు చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి బిషప్పుగారికి ఎలా తెలిసిందో తెలీదు.

"రెమ్జీ, మేక గడ్డి పీకితే రాయి కూడా ఊడొస్తుంది. రాయి పోతే చేప పోతుంది. వెళ్లి ఆవిడతో మర్యాదగా మాట్లాడు. నిలబడి మాట్లాడకు, కూర్చుని మాట్లాడు. నిలబడి చెప్తే పోట్లాటకి వచ్చావనుకుంటారు ఆడవాళ్లు."

వెళ్లి కూర్చున్నాను.

"అబ్లా, నీ మేక..."

"నా మేక సంగతి తర్వాత. ఆ మొహం ఏమిట్రా? ఉతికి ఆరేసి తియ్యడం మర్చిపోయిన చొక్కాలా ఉంది. ఈ తర్హానా సూపు తాగు ముందు."

"నేను సూపు కోసం రాలేదు. మేత్రాసనం తరఫున వచ్చాను."

"మేత్రాసనానికి ఆకలెయ్యదా? తాగు."

తాగాను. మేక గురించి మాట పూర్తవలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాల్సొచ్చింది. మేక కట్టుతాడు తెంపుకుంటూనే ఉంది, నేను వెళ్తూనే ఉన్నాను, సూపు వస్తూనే ఉంది. ఫోన్‌లో బిషప్పుగారు మేక కంటే ముందు సూపు గురించి అడిగేవారు.

"పుదీనా వేసిందా?"

"వేసింది. దానికీ చేపల బొమ్మలకీ ఏమిటి సంబంధం?"

"నేలకీ చుట్టుపక్కల తిండికీ దగ్గర సంబంధం ఉంటుందయ్యా. నీకు తెలీదు. చదువుకున్నవాళ్ల విషయం."

నెల తిరిగేసరికి ఆయన కంగారు నాకూ అంటుకుంది. పొద్దున్నే గుండు, దారం, నోటుపుస్తకం జేబులో పెట్టుకుని బయల్దేరేవాణ్ని. మూడు స్తంభాల వాలు, గోడల బీటలు, కొంగల సంఖ్య, మేక రాకపోకలు అన్నీ రాసేవాణ్ని. మబ్బు పడితే నాకు దడ. గాలి వీస్తే దడ. గాలి ఆగిపోతే ఎందుకాగిందోనని దడ. టీ కొట్టు దగ్గర కుర్చీ కిర్రుమంటే స్తంభమేననుకుని లేచి నిలబడేవాణ్ని. ఊళ్లోవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

"రెమ్జీ అన్నా, మీ చర్చాయన ఏమంటున్నాడు? ఆకాశం గట్టిగానే ఉందా?"

"నవ్వండి నవ్వండి. పడ్డాక తెలుస్తుంది."

ఏప్రిల్ మొదట్లో తొమ్మిది రోజులు ఏకధాటిగా వాన కురిసింది. పదో రోజు పొద్దున చర్చి నేలకి దిగువనున్న అడ్డుగోడ దగ్గర దారం పట్టి చూశాను. గోడ పొట్ట పెట్టింది. ముందురోజు రాసుకున్న కొలత కంటే నాలుగు వేళ్లు బయటికొచ్చింది. వెనక మట్టి నీళ్లు తాగి తోస్తోంది. ఆ గోడ పోతే చేపల బొమ్మలన్నీ మట్టితో సహా లోయలోకి జారిపోతాయి.

పరుగున దిగి ఊళ్లోకి వెళ్లాను. పొద్దుటిదాకా నవ్వినవాళ్లే కొత్త ఇంటికని దాచుకున్న దుంగలు తెచ్చారు. నాజిఫె అబ్లా గొంతుతో పని నడిపించింది. నీళ్లు పోవడానికి పక్కన కాలువ తవ్వాం, గోడకి దుంగలు ఆనించాం. మధ్యాహ్నానికి మోకాళ్లదాకా బురదతో నేను ఒక దుంగని భుజంతో నెడుతుంటే, గొడుగేసుకుని మ్యూజియం డైరెక్టరు గుట్టెక్కి వచ్చాడు. చేతిలో కాగితం. మూడో ఉత్తరం. వెనకాల కొత్త బూట్లతో ఒక కుర్రవయసు మనిషి, నా స్థానంలోకి.

"రెమ్జీ ఎఫెందీ ఎక్కడ?" అన్నాడు డైరెక్టరు నాతోనే. గెడ్డం లేకపోయేసరికి గుర్తుపట్టలేదు.

"నేనే సార్. కాస్త ఆ దుంగ అవతలి కొస పట్టుకోండి."

పట్టుకున్నాడు. వదిలితే తన కాలి మీద పడేలా ఉంది మరి. పని అయ్యాక నా నోటుపుస్తకం అడిగాడు. ఒక్కో పేజీ తిప్పాడు. నలభై ఒక్క రోజుల కొలతలు.

"ఇవన్నీ ఎవరు రాయమన్నారు?"

"మా బిషప్పుగారు."

"మనది ప్రభుత్వ శాఖ కదయ్యా! మనకి బిషప్పెవరు?"

"ఆయనా అదే కంగారు పడుతుంటారు సార్."

డైరెక్టరు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త బూట్ల మనిషి దుంగలు మోసినందుకు సూపు తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేనే బిషప్పుగారికి ఫోన్ చేశాను. "ఎఫెందిమ్, మీరు భయపడ్డట్టే అయింది. గోడ కూలబోయింది. ఆపాం."

"నిజంగానే?" అన్నారాయన. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడి గొంతులా ఉంది. "నిజంగా గోడ కూలబోయిందా? అబ్బే... ఎలా కూలుతుందయ్యా?"

ఇంత కంగారు మనిషి నిజంగా ప్రమాదం వస్తే నమ్మడేమిటని అప్పుడు అనిపించింది. కానీ ఆలోచించే తీరిక లేదు. దుంగలు చూసుకోవాలి.

ఇలా రెండేళ్లు గడిచాయి. రెండేళ్లలో ఏడింటి ఫోన్ ఒక్కరోజు తప్పలేదు. అలాంటిది కిందటి జూన్‌లో ఒక సోమవారం మోగలేదు. మంగళవారం మోగలేదు. బుధవారం నేను చేస్తే కలవలేదు. గురువారానికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. గుండె నీరసం. పైగా ప్రతిదానికీ భయపడే స్వభావం. నాజిఫె అబ్లాకి స్తంభాలు అప్పగించి, నోటుపుస్తకం పట్టుకుని ఇజ్మీర్ బస్సెక్కాను. దారిపొడుగునా ఆయన్ని మనసులో మూడుసార్లు ఆస్పత్రిలో చేర్చాను, ఒకసారి సమాధి కూడా చేశాను.

ఆయన ఇల్లు చర్చి వెనక సందులో. తలుపు బార్లా తెరిచుంది. లోపలికెళితే వంటగదిలో వంటావిడ మదామ్ పావ్లీనా దుంపలు తొక్కతీస్తోంది.

"తలుపు తీసే ఉంది! దొంగలు పడ్డారా?"

"ఆ తలుపు మూసిన రోజెప్పుడు?" అందామె. "తాళంచెవి పోయి పదిహేనేళ్లయింది. ఇంతకీ ఎవరు మీరు?"

"కలిద్రా నుంచి. రెమ్జీని."

"ఓహో, స్తంభం రెమ్జీ!" అని ఆమె నవ్వబోతుండగా నేల కదిలింది.

పళ్లేలు గలగలమన్నాయి. దీపం ఊగింది. సందులో ఎవరో కేక పెట్టారు. నేనూ మదామ్ పావ్లీనా ఒకేసారి బల్ల కిందికి దూరి తలలు గుద్దుకున్నాం.

"బిషప్పుగారు! ఆయన గుండె ఆగిపోతుంది!" అన్నాను.

"ఆయనా? పెరట్లో ఉన్నాడు చూడండి."

భూమి ఆగాక పెరట్లోకి పరిగెత్తాను. కుర్చీలో కాళ్లు చాపుకుని, మొహం మీద పేపరు కప్పుకుని గుర్రు పెడుతున్నారు. పక్కనున్న చెట్టు మీంచి రాలిన మల్బరీపండు ఒకటి పొట్ట మీద పడుంది. కదల్లేదు.

"భయపడి స్పృహ తప్పారేమో!"

మదామ్ పావ్లీనా నడుం మీద చేతులేసుకుంది. "ఈయనకి భయమా? ముప్ఫై ఏళ్లుగా వండిపెడుతున్నాను, దేనికైనా కంగారుపడితే చూద్దామని ఉంది. పాస్‌పోర్టు మూడుసార్లు పారేశాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఊరెళ్లిపోయాడు. పెద్ద చర్చిలో పండగ పూజకి కాళ్లకి చెరో రంగు బూటు వేసుకెళ్లాడు. సోమవారం ఫోన్ బావిలో పడింది. తియ్యండయ్యా అంటే, దానికి ఈత వస్తుందేమో చూద్దాం అన్నాడు."

నేను చేతిలో ఉన్న నోటుపుస్తకం వంక చూశాను. ఆరో పుస్తకం అది.

బిషప్పుగారు పేపరు తీసి ఒక కన్ను తెరిచారు. "రెమ్జీ! ఎప్పుడొచ్చావు?"

"మధ్య స్తంభం నిలబడే ఉంది" అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది.

"ఎందుకుండదు? రెండు వేల ఏళ్లుగా ఉంది కదా."

"రెండేళ్లు! రెండేళ్లపాటు రోజూ దారం పట్టించి కొలిపించారు నాచేత. గెడ్డం గీయించారు. బూట్లు కొనిపించారు. ఆ మేక..."

"మేక ఆలోచన నాజిఫెది" అన్నారు వెంటనే. "దానికి నా బాధ్యత లేదు. ఆవిడే ఫోన్ చేసింది ఆ ఫిబ్రవరిలో. కాపలా గది తలుపు మీద నా నంబరుందట. 'మావాడు పొయ్యి వెలిగించడంలేదు, తలుపు తియ్యడంలేదు, నామాట వినడు, మీరు పెద్దమనిషి కదా, ఏదో ఒకటి చెప్పండి' అంది. నీకేం చెప్పను? ఓదారిస్తే ఫోన్ పెట్టేస్తావు. అందుకని నువ్వే నన్ను ఓదార్చేలా చూశాను."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. కోపం తెచ్చుకుందామని చూశాను. మొహం మాటవినలేదు.

"అంతేగాని రాళ్ల గురించి మీకు ఏ భయమూ లేదన్నమాట."

"రాళ్ల సంగతి రాళ్లు చూసుకుంటాయి. బిషప్పన్నాక మేత్రాసనంలో మనుషుల గురించి కంగారుపడాలి. ఉన్నదే ఒక్కడు. వాడూ పోతే రోమ్‌కి ఏం చెప్పుకోను?"

"నేను ముసల్మానుని కదా బిషప్పుగారూ!"

ఆయన సందు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆ సంగతి ఇంకా రాయలేదు వాళ్లకి."

మదామ్ పావ్లీనా దుంపల కూర వడ్డించింది. ముగ్గురం తిన్నాం. రెండింటికి ఆమె తన ఇంటికి వెళ్లిపోయింది. బిషప్పుగారు టోపీ తగిలించుకున్నారు.

"పద, నీతో వస్తాను. మీ ఊళ్లో పుచ్చకాయలు వచ్చాయా?"

"వచ్చాయి. డాక్టరుని అడిగారా? మందులు పెట్టుకున్నారా? బట్టలు?"

"అన్నీ అక్కడ దొరకవూ?"

సందు చివర కుష్‌కయా వ్యాను బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఆయన ముందు సీట్లో సుఖంగా సర్దుకున్నారు. నేను ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాను.

"ఎఫెందిమ్, పొయ్యి కట్టేశారా?"

"పొయ్యా?" అన్నారు తీరిగ్గా. "కాఫీకి నీళ్లు పెట్టినట్టున్నాను."

దిగి పరిగెత్తాను. నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడుతోంది. పొయ్యి కట్టేశాను. కిటికీలు వేశాను. బల్ల మీదున్న మందులు జేబులో కుక్కుకున్నాను. తాళం లేని తలుపుకి లోపల్నుంచి కుర్చీ అడ్డం పెట్టి, పెరటి గోడ దూకి, ఒగురుస్తూ సందులోకి వచ్చేసరికి డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. ప్రయాణికులు గొణుగుతున్నారు. బిషప్పుగారు కిటికీలోంచి సగం బయటికి వంగి, రెండు చేతులూ అడ్డంపెట్టి బండిని ఆపుతున్నారు. ఆ మొహంలో నిజమైన కంగారు అప్పుడే చూశాను.

"ఒక్క నిమిషం ఆగు నాయనా! నా మేత్రాసనం మొత్తం వెనక ఉండిపోయింది!"